భరిణెలో తెల్ల బిళ్ళలు

ముఖానికి పూసుకునే తెల్లరంగు పోయిందట, దానికో డిటెక్టివా అని నవ్వుకుంటూనే శశికళ కారు దిగింది. అది రెండువేల మూడువందల ఏళ్ళ కిందటి తెల్లరంగని విన్నాక నవ్వు ఆపి, కళ్ళజోడు తీసి చున్నీతో తుడుచుకుంది.

“ఏడవకుండా చెప్పమ్మా కృతీ. మొదట్నుంచీ చెప్పు.”

ఏడవొద్దంటే ఏ పిల్ల మానుతుంది గనక! శశికళని పిలిపించిన కృతి ఇంకో రెండు టిష్యూలు తడిపి, ముక్కు తుడుచుకుని, అప్పుడు మొదలుపెట్టింది.

మోరిస్‌విల్‌లో అది అమెరికాలో స్థిరపడ్డ డాక్టర్ నరసింహం గారి ఇల్లు. రిటైరయ్యాక ఆయన గరాజ్ పైన అదనంగా ఉన్న బోనస్ రూమ్‌ని చిన్న మ్యూజియంగా మార్చుకున్నారు. వాళ్ళిప్పుడు నిలబడ్డ ఆ గదిలో ఒక గాజు పెట్టె, దానికో తాళం. పెట్టెలో మన కుంకుమ భరిణెలాంటిదే ఓ మట్టి భరిణె. గ్రీసు దేశంలో ఏ సమాధిలోనో దొరికిందని చెప్పి ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరో ఆయనకి అమ్మారు. అందులో మూడు తెల్ల బిళ్ళలు, సీసంతో చేసిన ముఖం రంగువి. దాన్ని ఆయన యూనివర్సిటీ మ్యూజియానికి ఇచ్చేస్తున్నారు. బదులుగా ఒక గదికి ఆయన భార్య హైమ గారి పేరు పెడతారు. ఆ సంతోషంలో ఆదివారం ఇంట్లో పార్టీ చేసి నలభై మందిని పిలిచారు. సోమవారం పొద్దున భరిణె తీసి చూస్తే అసలు బిళ్ళలు లేవు. వాటి చోట మూడు సుద్ద బిళ్ళలున్నాయి.

ఆ సుద్ద బిళ్ళలు కృతి చేసినవి. గోలంతా అక్కడే.

“పార్టీలో డెమో ఇమ్మన్నారు ఆంటీ. గ్రీకు, రోమన్ ఆడవాళ్ళ మేకప్ నా పీహెచ్‌డీ టాపిక్. రియల్ వైట్ లెడ్ పాయిజన్ కదా, అందుకని సేమ్ సైజులో చాక్‌తో ఆరు చేశాను. ట్రేలో పెట్టాను, పిల్లలు టచ్ చేస్తారని. ఎండ్‌లో చూస్తే మూడే ఉన్నాయి. కిడ్స్ తీసుకెళ్ళారేమో అనుకున్నా.”

“ఆ వైట్ లెడ్ వాళ్ళెలా చేసేవాళ్ళు?” అడిగింది శశికళ. కేసుకి అవసరమా అంటే ఏమో గానీ, ఇరవై ఏళ్ళు పెయింట్ కంపెనీ ల్యాబులో పనిచేసిన మనిషి. రంగు మాట వినపడితే చెవులు వాటంతటవే నిక్కుతాయి.

కృతి ఏడుపు సగం మర్చిపోయింది. “కుండలో వెనిగర్ పోసి, దానిపైన లెడ్ ముక్కలు పెట్టి మూసేస్తారు. కొన్ని రోజులకి లెడ్ మీద తెల్లగా తుప్పులాగా వస్తుంది. దాన్ని గీకి, నూరి, బిళ్ళలు చేస్తారు.”

“ఊరగాయ పెట్టినట్టే ఉందే! విషమని తెలీదా వాళ్ళకి?”

“తెలుసు ఆంటీ. కడుపులోకి వెళ్తే చస్తారని రాసిపెట్టారు కూడా. అయినా రాసుకోవడం మానలేదు. తెల్లగా ఉంటే ఎండలో పని చేయక్కర్లేని ఇంటి మనిషి అని అర్థం. బుగ్గలకి ఒక వేరు నుంచి తీసిన ఎరుపు, కనుబొమ్మలకి మసి. రెండు కనుబొమ్మలు కలిసిపోతే ఇంకా బ్యూటిఫుల్ అనుకునేవాళ్ళు. రోమన్స్ అయితే గొర్రె ఉన్నిలో జిడ్డు తీసి మొహానికి రాసేవాళ్ళు. అది చాలా కంపు కొట్టేదట.”

“అబ్బో, ఫెయిర్‌నెస్ క్రీముల పిచ్చి ఇవాళ్టిది కాదన్నమాట. సరే, తాళం సంగతి చెప్పు.”

“రెండింటికి డాక్టర్ అంకుల్ కీ ఇచ్చారు, సెటప్ చేసుకోమని. మూడింటికి తిరిగిచ్చేశాను. ఫోర్ ఫిఫ్టీన్ నుంచి ఫైవ్ థర్టీ దాకా కింద హాల్లో డెమో. అవ్వగానే ఫ్రెండ్ కార్‌లో వెళ్ళిపోయా.” ఆ పిల్ల మళ్ళీ టిష్యూ అందుకుంది. “రేపు మ్యూజియం వాళ్ళొస్తున్నారు ఆంటీ. దొంగ అని నా పేరు రాసుకుంటే ఇంక ఏ మ్యూజియం డోర్ నాకు ఓపెన్ అవ్వదు. ఎయిట్ ఇయర్స్ చదివాను నేను.”

“రెండు నుంచి మూడు. ఒక్కతే, చేతిలో తాళం, బ్యాగ్‌లో డూప్లికేట్లు,” అంది తలుపు దగ్గర్నుంచి ఒక గొంతు. “ఇంకేం కావాలి ఆంటీ మీకు?”

విశాల్. ఇన్సూరెన్స్ కంపెనీ ఇన్వెస్టిగేటరు. ఫ్రిస్కోలో పుట్టి పెరిగిన కుర్రాడు, ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ట్యాబ్లెట్. సోమవారం మధ్యాహ్నం ఫ్లైట్ దిగినప్పటి నుంచి ఈ ఇంట్లోనే తిష్ట వేసి, సాయంత్రానికల్లా కృతే దొంగని తేల్చేశాడు.

“నేను నీకు ఆంటీని కాను బాబూ. లైసెన్సున్న డిటెక్టివ్‌ని. శశికళ గారు అంటే అరిగిపోవు,” అంది శశికళ, వెనక్కి తిరక్కుండానే.

“ఓకే, శశికళ గారు. రిపోర్ట్ ఆల్‌మోస్ట్ డన్. ఈవెనింగ్ పోలీస్‌కి ఫైల్ చేస్తా.”

“ఇల్లు అలకగానే పండగ కాదు. కాస్త ఆ లైటు వెయ్యి.”

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. విశాల్ నవ్వుతూ లైటు వేశాడు, కృతి గోడకి ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటోంది.

శశికళ చేతులకి గ్లవ్స్ తొడుక్కుని గాజు పెట్టె తెరిచింది. తాళం మీద గీతలు లేవు. భరిణె మూత పగల్లేదు. సుద్ద బిళ్ళలు తీసి పక్కన పెట్టి లోపలికి టార్చి వేసింది. ఇన్ని వందల ఏళ్ళు రాలిన తెల్లపొడి అడుగున పల్చగా పరుచుకుని ఉంది. ఆ తెలుపులో, అంచు దగ్గర, ముదురు గోధుమ రంగులో రెండు మరకలు. పక్కపక్కనే, వేలికొసలంత.

“కృతీ, సెటప్ చేసేటప్పుడు ఫోటోలు తీశావా?”

“ఇరవై తీశాను ఆంటీ.”

ఫోన్లో చూస్తే రెండున్నరకి తీసిన ఫోటోలో భరిణె లోపల మల్లెపువ్వులా ఉంది. మరక లేదు, గిరక లేదు. శశికళకి ఒళ్ళంతా చిన్న జలదరింపు. ఇలాంటప్పుడు ఆవిడకి ఆకలి కూడా వేస్తుంది, అదేం జబ్బో మరి.

“ఆదివారం తినడానికి ఏం పెట్టారు?” అని అడిగింది.

విశాల్ పగలబడి నవ్వాడు. “ఆర్ యూ హంగ్రీ?”

“పానీపూరీ ఆంటీ,” అంది కృతి. “ప్యాటియోలో స్టాల్ పెట్టారు. నాలుగింటికి ఓపెన్ చేశారు. నేను తినలేదు, డెమో ఉంది కదా.”

“హైమ గారూ!” మెట్ల మీద నుంచి కేకేసింది శశికళ. “కాస్త నల్ల ఉప్పు, ఒక నిమ్మకాయ, రెండు గాజు గిన్నెలు తెచ్చిపెడతారా?”

హైమ గారు తెచ్చారు. తెచ్చి, ఎందుకో అడగాలనిపించినా అడగకుండా, కృతి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. వెనకే నరసింహం గారూ వచ్చారు. డెబ్భై ఆరేళ్ళ మనిషి, నిటారుగా నడుస్తారు. మొహం మాత్రం రెండు రాత్రులు నిద్రపోనట్టుంది.

శశికళ నల్ల ఉప్పు నీళ్ళలో కలిపి నిమ్మరసం పిండింది. గదంతా కుళ్ళిన కోడిగుడ్డు వాసన. విశాల్ ముక్కు మూసుకున్నాడు.

“ఆ వాసనే మనకి కావాలి,” అంది శశికళ. “నల్ల ఉప్పులో గంధకం ఉంటుంది. పులుపు తగిలితే బయటికొస్తుంది. సీసపు తెలుపు దానికి దొరికితే నల్లబడుతుంది. పాత బొమ్మల్లో దొరసానుల తెల్లటి మొహాలు నల్లగా మాడిపోయినట్టుంటాయి చూడండి, కారణం ఇదే.”

ఒక గిన్నెలో కృతి చేసిన సుద్ద బిళ్ళలోంచి ఓ పెచ్చు వేసి ఆ నీళ్ళు చిలకరించింది. కాస్త పొంగి, తెల్లగానే ఉండిపోయింది. రెండో గిన్నెలో, భరిణె కింద గుడ్డ మీద రాలిన పాత పొడి రవ్వంత వేసింది. చుక్క పడగానే కాఫీ డికాక్షన్ రంగు తిరిగింది. అచ్చం ఆ వేలి మరకల రంగే.

“వావ్!” అంది కృతి. తన మీదున్న కేసు కూడా మర్చిపోయి గిన్నె మీదకి వంగింది.

“పానీపూరీ నీళ్ళలో ఉండేవీ ఈ నల్ల ఉప్పూ పులుపే. కాబట్టి విశాల్ బాబూ, బిళ్ళలు మార్చినవాళ్ళు అప్పుడే పానీపూరీ తిన్నారు. చెయ్యి కడుక్కోకుండానే, ఆ తడి వేళ్ళతోనే భరిణెలో చెయ్యి పెట్టారు. పానీపూరీ మొదలైంది నాలుగింటికి. అంటే దొంగతనం నాలుగు తర్వాత. అప్పటికి తాళం కృతి దగ్గర లేదు. నాలుగుంబావు నుంచి నలభై మంది ఎదురుగా ఎవరి బుగ్గలకో రంగు పూస్తోంది. నీ రెండు నుంచి మూడు థియరీ పప్పులో కాలేసింది.”

విశాల్ నవ్వు మానేశాడు. ట్యాబ్లెట్ మాత్రం మూయలేదు.

శశికళ డాక్టరు గారి వైపు తిరిగింది. “డాక్టరు గారూ, మూడు తర్వాత తాళం ఎక్కడుంది?”

“నా జేబులో... అంటే, జేబులోంచి తీసి కిచెన్ డ్రాయర్‌లో పెట్టాను. ఎవరైనా తీసుండొచ్చు.”

“మీరు పానీపూరీ తిన్నారా?”

“నాకు షుగరమ్మా. నేను ముట్టను.”

“అయ్యో, అబద్ధం!” హైమ గారు అమాయకంగా నవ్వేశారు. “నేను చూశానండీ. ప్లేటు పట్టుకుని పిల్లిలాగా మెట్లెక్కి పోయారు. కృతి ఏదో సైన్సు చెబుతోంటే అందరూ అటు చూస్తున్నారు కదా అని.”

నరసింహం గారి మొహం పాలిపోయింది.

“ఏం సైన్సు చెప్పావమ్మా అప్పుడు?” అడిగింది శశికళ.

“లెడ్ ఏజ్ గురించి ఆంటీ. కొత్తగా తీసిన లెడ్‌లో కొంచెం రేడియేషన్ ఉంటుంది. రెండు మూడు వందల ఏళ్ళకి అది పోతుంది. సో ఏన్షియెంట్ లెడ్ అయితే అది అస్సలు ఉండకూడదు. మ్యూజియం వాళ్ళు బుధవారం అది టెస్ట్ చేస్తారు, అప్పుడు అంకుల్ బిళ్ళలు రియల్ అని వరల్డ్ అంతా తెలుస్తుంది అని చెప్పా. అందరూ క్లాప్స్ కొట్టారు.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, డాక్టరు గారు చేతులు రెండూ ప్యాంటు జేబుల్లోకి తోసేశారు. శశికళ చూసింది, చూడనట్టు ఊరుకుంది. లోపల మాత్రం ఒక్కొక్కటే అతుక్కుంటోంది. ముప్ఫై ఏళ్ళుగా కళ్ళకద్దుకున్న వస్తువు. అది నకిలీ అని తేలితే? భార్య పేరు పెడతామన్న గది ముందు, ఊరందరి ముందు? దొంగలు పట్టుకుపోయారంటే కనీసం పరువు మిగులుతుంది.

“షుగర్ పేషెంట్ వైఫ్‌కి తెలీకుండా పానీపూరీ తిన్నారు. అదా మీ క్రైమ్?” విశాల్ మళ్ళీ పుంజుకున్నాడు. “డాక్టర్ గారు ఓనర్. పైకొచ్చి ఒకసారి భరిణె ఓపెన్ చేసి చూసుకుని ఉంటారు. మరక అప్పుడు పడింది. అంతే కదా సర్?”

“అ... అవును. ఊరికే చూసుకున్నాను,” అన్నారు నరసింహం గారు, నేల చూపులు చూస్తూ.

“చూశారా! స్వాప్ అంతకు ముందే అయిపోయింది. శశికళ గారు, మీ చాట్ మసాలా కోర్టులో నిలవదు.” ట్యాబ్లెట్ టేబుల్ మీద పెట్టి కృతి ముందుకొచ్చాడు. “నీ బ్యాగ్ ఓపెన్ చెయ్యి. నథింగ్ టు హైడ్ అయితే ప్రాబ్లం ఏంటి?”

“చెయ్యక్కర్లేదు కృతీ. అతనికా హక్కు లేదు,” అంది శశికళ గట్టిగా.

“పర్లేదు ఆంటీ. నేనేం తియ్యలేదు.” ఆ పిల్ల కోపంతో బ్యాగ్‌ని టేబుల్ మీద బోర్లించింది. ల్యాప్‌టాప్, చార్జర్, లిప్ బామ్, తాళాలు దొర్లాయి. వాటి మధ్య మడతపెట్టిన ఒక కాగితం పొట్లం.

విశాల్ గ్లవ్స్ తొడుక్కుని పొట్లం విప్పాడు. లోపల తెల్లటి పొడి.

“అది విభూతి,” అంది కృతి. “హైమ ఆంటీ ఇచ్చారు.”

“అవును బాబూ, నేనే ఇచ్చాను,” అన్నారు హైమ గారు. “నిన్న నువ్వు దీన్ని పట్టుకుని నానా మాటలూ అంటే గుక్కపెట్టి ఏడ్చింది. దేవుడి గదిలోంచి తెచ్చి ఇచ్చాను, భయం పోతుందని.”

“ఐతే టెస్ట్ చేద్దాం. మీ సొంత టెస్టే, శశికళ గారు.” ఎవరూ ఆపేలోగా సుద్ద వేసిన గాజు గిన్నె శుభ్రంగా తుడిచి, చిటికెడు పొడి అందులో వేసి, నల్ల ఉప్పు నీళ్ళు చుక్క వదిలాడు.

పొడి బుసబుసా పొంగింది. పొంగుతూనే గోధుమ రంగుకి తిరిగింది.

 శశికళ గిన్నెని లైటు దగ్గరికి జరిపి చూసింది. తను కనిపెట్టిన పరీక్షే తను నమ్మిన పిల్లని పట్టించింది! విశాల్ కళ్ళు మెరిశాయి.

“వైట్ లెడ్. పొడి చేసి బ్యాగ్‌లో పెట్టుకుంది. కేస్ క్లోజ్డ్.”

“నో! అది విభూతి!” కృతి అరిచింది. “నేను రాసుకున్నాను కూడా! నిన్న సాయంత్రం, రాత్రి, ఇవాళ పొద్దున. నోట్లో కూడా వేసుకున్నా. ఆంటీ చెప్పారు కదా, నుదుటికి పెట్టుకుని కొంచెం నోట్లో వేసుకోమని...”

“ఎంత?”

ఆ కేక నరసింహం గారిది. అందరూ ఉలిక్కిపడి తిరిగారు. పెద్దాయన జేబుల్లోంచి చేతులు తీసి కృతి రెండు భుజాలూ పట్టుకున్నారు. కుడి చేతి రెండు వేళ్ళ గోళ్ళ కింద గోధుమ రంగు ఇంకా వదల్లేదు. ఆ సంగతి ఆయనకి పట్టినట్టు లేదు.

“ఎంత వేసుకున్నావమ్మా? చిటికెడా, చెంచాడా? కడుపు నొప్పి ఉందా? నాలిక చూపించు!”

“చిటికెడే అంకుల్. మూడు సార్లు.”

“సరే. సరే, భయపడకు. పెద్దదానివి, ప్రాణానికేం కాదు. ఇప్పుడే రక్తం పరీక్ష చేయిద్దాం.” ఆయన కుర్చీలో కూలబడ్డారు. ఇంక ఎవరూ ఏమీ అడగక్కర్లేకపోయింది. “నేనే తీశాను శశికళా, ట్రేలోంచి మూడు సుద్ద బిళ్ళలు తెచ్చి మార్చాను. ఆ టెస్టు మాట వినగానే మెదడు పనిచెయ్యలేదు. అవి అసలువో కావో నాకూ తెలీదు. తెలుసుకోవాలంటే భయం. పారెయ్యడానికి మనసొప్పలేదు. ఇంటినిండా జనం. దేవుడి గదిలో విభూతి గిన్నె కనిపించింది. ఉండల్లో ఉండలు కలిసిపోతాయిలే అని అందులో పెట్టాను. ఇతను వెళ్ళాక తీద్దామనుకున్నాను. ఈ పిల్ల మీద పడుతుందని తెలిసీ నోరు మూసుకున్నాను. నేనూ ఒక మనిషినేనా!”

 విశాల్ కృతి వస్తువులు ఒక్కొక్కటే బ్యాగ్‌లో సర్దడం మొదలుపెట్టాడు. “సారీ,” అన్నాడు, తలెత్తకుండా.  కృతి బ్యాగ్ లాక్కుంది. శశికళకి ఆ పిల్లని దగ్గరికి తీసుకుని ఏడవాలనిపించింది. దొంగ అన్న మాట పోయింది, చాలు.

కానీ హైమ గారి వైపు చూస్తే ఆ సంతోషం కాస్తా ఆవిరైపోయింది. ఆవిడ మొగుడి మీద కేకలెయ్యట్లేదు, ఏడవట్లేదు. గోడకేసి చూస్తూ వేళ్ళు నలుపుకుంటున్నారు.

“హైమ గారూ, ఆ గిన్నె ఎక్కడుంది?”

“ఉండలు గట్టిగా ఉన్నాయని నిన్న పొద్దున చిన్న రోట్లో మెత్తగా నూరాను,” అన్నారావిడ, ఎవరికో పాఠం అప్పజెబుతున్నట్టు. “సోమవారం కదా. సాయంత్రం కృతికి ఓ పొట్లం తీసి, మిగతాదంతా గుడిలో ఇచ్చేశాను. శివుడి దగ్గర పెట్టమని.”

నరసింహం గారు దిగ్గున లేచారు. “గుడిలో పిల్లలొస్తారు,” అన్నారు. “చిన్న పిల్లలకి అది... హైమా, చిన్న పిల్లలకి అది రవ్వంత పడినా ప్రమాదం!”

“ఇవాళ మంగళవారం. శ్లోకాల క్లాసు.” అన్నారు హైమ గారు. “అయ్యాక అందరికీ విభూతి పెడతారు. నేనే చెప్పాను పంతులు గారికి, పిల్లలకి కాస్త నోట్లో కూడా వెయ్యండి, చదువొస్తుందని.”

విశాల్ అప్పటికే కారు తాళాలు తీసుకుని మెట్లు దిగుతున్నాడు. శశికళ వెంట పరిగెడుతూనే గుడి నంబరు కొట్టింది. మోగింది. మోగుతూనే ఉంది. కారు రివర్స్ తీస్తుండగా ఎవరో ఎత్తి, హలో కూడా అనకుండా ఫోను పక్కన పెట్టి, వేరే ఎవరితోనో మాట్లాడుతున్నారు.

“తోసుకోకండమ్మా, లైన్లో రండి. చిన్నవాళ్ళు ముందు. ఆఁ, నోరు తెరువు నాన్నా.”